హౌసాబాయికి ఏ సెక్షనూ లేదు

హౌసాబాయి మనుషుల్ని మెడ చూసి గుర్తుపట్టేది. ముఖాలు ఆమె బుర్రలో నిలిచేవి కావు. "ఎవరమ్మా నువ్వు, నిరుడు కూడా వచ్చావా?" అని అడుగుతూనే చెయ్యి చాపి, ఎదుటిమనిషి మెళ్లో మాలని వేలితో తిప్పి చూసి, "ఆ, వచ్చావులే, ఇది నేను గుచ్చిందే" అనేది. పండరిలో తులసిమాలలు గుచ్చుతూ గుచ్చుతూ తల నెరిసిపోయిన మనిషి, అందరికీ ఆజీ, అంటే అవ్వ. మెడ దాటి పైకి చూడాల్సిన పని ఆమెకెప్పుడూ పడలేదు.

దుకాణం అని పేరే గానీ, గుడికి పోయే సందులో రెండు బల్లచెక్కలు, పైన ఒక పట్టా, వెనకాల ఆమె పడుకునే గది. మొగుడు దగడూ ఉన్నన్నాళ్లు తులసికట్టె నుంచి పూసలు తీసేవాడు, ఆమె గుచ్చేది. అతను పోయాక పూసలు బయట కొని గుచ్చుకుంటోంది. పిల్లల్లేరు. మామూలు రోజుల్లో ఆమెతో నోరు విప్పి మాట్లాడేది పక్కకొట్టు నివృత్తి ఒక్కడే. అతను నుదుట పెట్టుకునే నల్ల బుక్కాపొడి, కుంకుమ అమ్ముతాడు. అవి తూకం వేసి ఇస్తాడు, మాటలు మాత్రం తూకం లేకుండా పోస్తాడు. అతను కొట్టు కట్టేసి ఇంటికి పోతే మళ్లీ తెల్లారేదాకా హౌసాబాయికి తన గొంతు తనకే వినపడదు.

ఆషాఢం వస్తే ఆ బతుకే వేరు. లక్షల జనం కాలినడకన ఊళ్లోకి దిగుతారు. ఎదురైన ప్రతివాళ్లూ ఒకరికొకరు 'మావులీ', అంటే అమ్మ. మగాడైనా మావులీయే, ఆడదైనా మావులీయే, కలెక్టరైనా, చెప్పులు కుట్టేవాడైనా మావులీయే. పేరు అడగరు, ఊరు అడగరు. ఎదురుపడితే ఇద్దరూ వంగుతారు, వాళ్ల కాళ్లు వీళ్లు, వీళ్ల కాళ్లు వాళ్లు ముట్టుకుంటారు. ఏడాదంతా ఎవరికీ పట్టని ముసలిదాని కాళ్లకి ఆ నాలుగు రోజుల్లో ఎన్ని చేతులు తగిలేవో లెక్కలేదు. హౌసాబాయి ఏడాదంతా ఎదురుచూసేది వాటి కోసమే.

మాల కొన్నవాళ్లకి ఆమె ఒక మాట చెప్పి పంపేది. "మెళ్లో పడ్డాక ఇంక నువ్వు నీ సొంతం కాదు మావులీ, విఠోబా సొత్తువి. మాంసం లేదు, మందు లేదు, అబద్ధం లేదు." వాళ్లు తలూపి పోయేవాళ్లు. అయితే ఆ మాల ఎవడైనా కొనుక్కోవచ్చు. ఈ సంగతి అమ్మేదానికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అయినా ఆమెకి తోచలేదు. నిజం చెప్పాలంటే మా ఊళ్లో ఎవరికీ తోచదు. మెళ్లో మాల కనబడగానే మా కళ్లు అక్కడితో ఆగిపోతాయి.

ఆ ఏడు ఏకాదశి ముందురోజు మధ్యాహ్నం ఒక పిల్ల ఏడుస్తూ వచ్చి హౌసాబాయి బల్లచెక్క పక్కన నిలబడింది. ఐదేళ్లుంటాయి. ఆ పిల్ల పేరు ఎక్కడా చెప్పకూడదని చట్టం, చట్టం లేకపోయినా నేను చెప్పను. జనంలో తల్లి చెయ్యి జారిపోయింది. హౌసాబాయి దాన్ని లోపలికి లాగి, ముక్కు తుడిచి, పల్లీచిక్కీ ఒకటి చేతిలో పెట్టింది. తప్పిపోయినవాళ్లని అప్పజెప్పే మండపం చంద్రభాగ ఏటి ఒడ్డున ఉంది. అక్కడి మైకు పొద్దున్నుంచీ పేర్లు అరుస్తూనే ఉంది. హౌసాబాయి వెళ్లి వదిలిపెట్టి రావచ్చు. కానీ ఏడాది బేరమంతా ఆ నాలుగు రోజులే. బల్ల ముందు జనం ఒకళ్ల మీద ఒకళ్లు పడుతున్నారు. నివృత్తి భోజనానికి పోయాడు.

అప్పుడొచ్చాడు వాడు. వాడి పేరు చెప్పి నా నోరు పాడుచేసుకోను. మెళ్లో మాల, నుదుట గోపీచందనం, చేతిలో భజన తాళాలు. "మావులీ, ఏటి వైపేనా?" అని పిలిచింది హౌసాబాయి. వాడు వంగాడు, ఆమె వంగింది. "ఈ పిల్లని కాస్త మండపంలో అప్పజెప్పి పో, పుణ్యముంటుంది" అంది. "రామకృష్ణ హరి" అన్నాడు వాడు. అంతే, ఇంకో మాట లేదు.

పిల్ల పోనంది. హౌసాబాయి చీరకొంగు గుప్పిట్లో బిగించి, తల అడ్డంగా ఊపుతూ ఆమె మోకాళ్ల వెనక దూరింది. "పో తల్లీ, మావులీయే కదా, భయమెందుకు?" అని హౌసాబాయి ఆ చిన్న వేళ్లని ఒక్కొక్కటే విడదీసి వాడి చేతికిచ్చింది. ఇచ్చి, బేరం వైపు తిరిగింది.

మూడోరోజున పిల్ల దొరికింది. వేరే ఊరి పొలిమేరలో, చెరుకు కోతకొచ్చే కూలీలు వదిలేసిన గుడిసెలో, ప్రాణాలతో. వాడూ అక్కడే పట్టుబడ్డాడు. అక్కడ ఏం జరిగిందో డాక్టరు రాశారు, జడ్జి చదివారు. అంతకు మించి ఎవరికీ అక్కర్లేదు.

పోలీసులు సందులో కొట్టు కొట్టూ అడుగుతూ హౌసాబాయి దగ్గరికొచ్చారు. వెంట పిల్ల తల్లి సారికా, ఏడ్చి ఏడ్చి వాచిపోయిన ముఖంతో. "పిల్లని వాడికెందుకిచ్చావు ఆజీ?" అని అడిగాడు హవల్దారు. సందంతా మూగి చూస్తోంది. హౌసాబాయి ఏమనాలో తెలియక నోటికొచ్చింది అనేసింది. "నేను పిల్ల మేనమామని అన్నాడు సాహెబ్. మామనంటే ఇవ్వనా?"

సారికా అక్కడే ఆమె కాళ్ల మీద పడింది. "మీరేం చేస్తారు ఆజీ, వాడంత మోసగాడైతే!" అని భోరుమంది. సందంతా అయ్యో అంది. మెళ్లో తులసిమాలతో, పూజ చేసే చేతులతో ఉన్న ముసలమ్మనే దగా చేశాడంటే వాణ్ణి ఏం చేసినా పాపం లేదంది. హౌసాబాయి చీరకొంగు మెడ చుట్టూ కప్పుకుని లోపలికి పోయింది.

ఆ తర్వాత రెండేళ్లు ఊరు ఆమె మీద చూపించిన జాలి ఇంతా అంతా కాదు. కనబడ్డవాళ్లల్లా "నీ తప్పేముంది ఆజీ" అనేవాళ్లు. నివృత్తి రోజూ తన చహా గ్లాసులో సగం ఆమెకి పోసి, వాణ్ణి ఎలా చంపాలో రోజుకో రకంగా వర్ణించేవాడు. ఆమె ఊ కొట్టేది. వాళ్లంతా జాలిపడుతున్నది ఇంకెవరో ముసలిదాని మీద, ఆ ముసలిది తను కాదు. ఈ సంగతి చెప్పుకోడానికి ఒక్క మనిషి లేడు. దేవుడికి చెప్పుకుందామంటే గుడికి పోవడమే మానేసింది. మరుసటి ఆషాఢంలో ఎవరైనా కాళ్లు ముట్టుకోబోతే "మోకాళ్ల నొప్పులు బాబూ, వద్దు" అని వెనక్కి జరిగేది. ఆపైన పట్టా దించేసి గదిలో కూర్చుంది. బయట లక్షల జనం మావులీ మావులీ అనుకుంటుంటే, ఆమె చీకట్లో భాకరీ రొట్టె నీళ్లలో ముంచుకుని తింది.

కేసు విచారణకొచ్చింది. సాక్ష్యానికి ముందురోజు ప్రభుత్వ వకీలు సుమేధ ఆమెని పిలిపించింది. చిన్నవయసు, ఎప్పుడూ ఉరుకుల పరుగుల మీద ఉండే మనిషి.

"ఆజీ, రేపు కొత్తగా ఏం చెప్పకండి. పోలీసులకి చెప్పిందే చెప్పండి, చాలు" అంది.

"పిల్ల చెప్పిందా తాయీ?"

"చెప్పింది. జడ్జిగారి గదిలో, వాడు కనబడకుండా తెర కట్టి. బంగారుతల్లి, అంతా చక్కగా చెప్పింది. ఒక్కచోట తికమకపడింది. వాడేం మాట్లాడలేదట, దుకాణం ఆజీయే చెయ్యి విడిపించి పొమ్మందట. చిన్నపిల్ల కదా, కలగాపులగం చేసుకుంది."

హౌసాబాయి కొంగు అంచుని వేలికి చుట్టుకుంది.

"అవతలి వకీలు దాన్నే పట్టుకుంటాడు. ముసలామె ఒకటి చెబుతోంది, పిల్ల ఒకటి చెబుతోంది, ఇంట్లోవాళ్లు నేర్పి పంపారు, ఈ ముక్క అబద్ధమైతే మిగతాదీ అబద్ధమే అంటాడు. అననీయండి. మీరు మాత్రం గట్టిగా నిలబడండి."

"నేను గట్టిగా నిలబడితే పిల్లది అబద్ధమవుతుందా?"

"అబద్ధమని కాదు ఆజీ. పొరపాటు అంటారు."

"వాడికెంత పడుతుంది?"

"ఎత్తుకుపోయినందుకు ఏడేళ్ల దాకా. రెండోదానికి ఇరవై ఏళ్లకి తగ్గదు, ఊపిరి పోయేదాకా కూడా వేయొచ్చు. కానీ అంతా పిల్ల మాట మీదే నిలబడాలి."

"పిల్లని ఎవరైనా వాడి చేతికి ఇచ్చి ఉంటే... ఇచ్చినవాళ్లకి?"

"ఇచ్చినవాళ్లెవరున్నారు ఆజీ? వాడు మామనని మోసం చేశాడు కదా" అని సుమేధ ఇంకో ఫైలు తీసుకుంది.

ఇంటికొచ్చి హౌసాబాయి పూసల పళ్లెం ముందేసుకుంది గానీ చెయ్యి కదల్లేదు. నిజం చెబితే సందులో తలెత్తుకునేది లేదు. పైగా 'నేను ఎత్తుకుపోలేదు, ముసలిదే ఇచ్చింది' అని వాడు తప్పించుకోవచ్చు. అబద్ధమే చెబితే, అంత చిన్న నోటితో అంత పెద్ద నిజం చెప్పిన పిల్లని కోర్టులో నిలబెట్టి అబద్ధాలకోరు అంటారు. అది తన వల్ల. ఒకసారి చెయ్యి విడిపించింది చాలదా?

మర్నాడు కోర్టు తలుపులు మూసి విచారణ జరిపారు. ఇలాంటి కేసుల్లో జనాన్ని రానివ్వరు. ప్రమాణం అయ్యాక సుమేధ అడిగింది, "ఆ మనిషి మీతో ఏమన్నాడు?"

"రామకృష్ణ హరి అన్నాడు."

"ఇంకా?"

"ఇంకేం అనలేదు తాయీ."

సుమేధ కాగితాల్లోంచి తలెత్తింది. "ఆజీ, నిదానంగా గుర్తుతెచ్చుకోండి. పిల్లకి మామనని..." అంటుండగానే అవతలి వకీలు లేచాడు. "సాక్షి నోట్లో మాటలు పెడుతున్నారు సాహెబ్!" జడ్జి చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపారు. "ఆమెని చెప్పనివ్వండి."

"మామనని వాడు అనలేదు సాహెబ్" అంది హౌసాబాయి. "అన్నాడని నేను చెప్పాను. వాడి మెళ్లో మాల ఉంది. వంగి నా కాళ్లు ముట్టుకున్నాడు, నేను వాడివి ముట్టుకున్నాను. ఇద్దరం తల వంచుకునే ఉన్నాం, వాడి ముఖం కూడా నేను సరిగ్గా చూడలేదు. మండపానికి నేను పోతే బేరాలు పోతాయని వాణ్ణి పిలిచి నేనే ఇచ్చాను. పిల్ల పోనంది. నా కొంగు పట్టుకుంది. నేనే విడిపించాను, ఒక్కో వేలూ. పిల్ల చెప్పిందంతా నిజం. దాన్నేం అనకండి."

సుమేధ కుర్చీలో కూలబడింది. అవతలి వకీలుకి పండగైంది.

"అంటే నా క్లయింటు ఎత్తుకుపోలేదు. మీరే ఇచ్చారు."

"మండపంలో అప్పజెప్పమని ఇచ్చాను బాబూ. చెరుకుతోటకి తీసుకుపొమ్మని కాదు."

"పోలీసులకి అబద్ధం చెప్పారు."

"చెప్పాను."

"మెళ్లో ఈ మాల ఉండగానే."

"ఇదే మాల."

"మరి ఇవాళ చెప్పేది నిజమని ఎలా నమ్మమంటారు?"

"అప్పటి అబద్ధం నాకు పనికొచ్చింది. ఈ మాటతో నాకేం ఒరుగుతుంది?" అంది హౌసాబాయి. ఆ మాట గుమాస్తా చేత రాయించారు జడ్జి.

సాయంత్రం నివృత్తి చహా పోస్తూ "ఏం చెప్పావు, వాణ్ణి కడిగేశావా?" అన్నాడు ఉత్సాహంగా. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. అతను చహా గిన్నె కింద పెట్టేశాడు. "అంత నిజం నిన్నెవరడిగారే?" అన్నాడు. మర్నాటి నుంచి తన చహా తనే తాగాడు. మూడు రోజుల్లో సందంతా పాకింది. అబద్ధమాడిన మనిషి చేతి మాల మెళ్లో ఎవరు వేసుకుంటారు? కొనేవాళ్లు ఆమె కొట్టు దాటుకుని పోయేవాళ్లు, పిల్లలున్న ఆడవాళ్లు పిల్లల్ని అటువైపు మార్చుకుని నడిచేవాళ్లు. ఇదివరకు జాలి మధ్య ఒంటరిగా ఉంది, ఇప్పుడు ఉత్త ఒంటరిగా ఉంది. మొదటిదే ఎక్కువ బరువని ఆమెకి అనిపించింది. అలాగని ఇది తేలికని కాదు.

తీర్పు రోజున ఆమెని ఎవరూ రమ్మనలేదు. అయినా వెళ్లి వెనక బెంచీ మీద కూర్చుంది. తన పేరు కూడా చదువుతారని ఆమె నమ్మకం. ఉతికిన చీర కట్టుకుంది, గదికి తాళం వేసి తాళంచెవి నివృత్తి గుమ్మంలో పెట్టి వచ్చింది. ఎన్నాళ్లకి తిరిగొస్తుందో తెలియదు కదా.

జడ్జి చదివారు. పిల్ల మొదటినుంచీ ఒకే మాట మీద ఉంది. మూడో సాక్షి, మాలల దుకాణం ఆమె, తన పరువు పోతుందని తెలిసీ అదే మాట చెప్పింది, కాబట్టి పిల్ల మాట పూర్తిగా నమ్మదగింది. ఇక, దుకాణం ఆమె చేతికిస్తేనే తీసుకున్నానని ముద్దాయి అంటున్నాడు. పిల్లని ఇచ్చే హక్కు తల్లిదండ్రులది, దుకాణం ఆమెది కాదు. చట్టం దృష్టిలో ఆమె ఇవ్వడం ఇవ్వడమే కాదు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా తీసుకుపోయాడు గనక అది ఎత్తుకుపోవడమే, దానికి ఏడేళ్ల కఠిన జైలు. పసిపిల్ల మీద చేసిన ఘోరానికి ఊపిరి ఉన్నంతకాలం జైలు. జరిమానా పిల్లకి. ఇంతే. జడ్జి లేచి లోపలికి పోయారు.

హౌసాబాయి వరండాలో సుమేధని పట్టుకుంది. "తాయీ, మరి నాకెంత?"

"మీకేంటి ఆజీ?"

"శిక్ష."

సుమేధ నిలబడిపోయింది. "మీరు సాక్షి. మీకు శిక్షేంటి?"

"ఇచ్చింది నేను కదా."

"విన్నారుగా, మీరిచ్చింది లెక్కలోకే రాదు."

"పోనీ, అబద్ధం చెప్పినందుకో?"

"పోలీసులకి చెప్పింది ప్రమాణం మీద చెప్పింది కాదు. కోర్టులో నిజమే చెప్పారు. మీరు చెప్పబట్టే కేసు నిలబడింది. మీకు ఏ సెక్షనూ లేదు. ఇంటికెళ్లి హాయిగా పడుకోండి ఆజీ" అని ఆమె భుజం తట్టి, ఇంకో కోర్టుహాల్లోకి పరిగెత్తింది.

మెట్ల దగ్గర సారికా ఒక్కతే నిలబడి ఉంది. మొగుడు బండి తేవడానికి పోయాడు. హౌసాబాయి ఆమె ముందుకెళ్లి నిలబడింది. ఇన్నేళ్లలో తనంతట తను ఆమె దగ్గరికి వెళ్లడం ఇదే.

"తిట్టు తల్లీ. కొట్టినా పర్లేదు."

సారికా ఆమె వైపు చూడలేదు. గేటు వైపే చూస్తూ అంది. "దొరికిన రోజు నుంచీ అది ఒకటే మాట. ఆజీ పొమ్మంది, ఆజీ చెయ్యి విడిపించింది అని. మీరేమో వాడు మామనన్నాడని చెప్పారు. మాల వేసుకున్న ఆజీ అబద్ధమాడుతుందా, నువ్వే వాడి వెంట ఎందుకు పోయావే, ఎందుకు పోయావే అని దాన్ని కొట్టాను. ఒకసారి కాదు."

హౌసాబాయి గోడ పట్టుకుంది.

"తర్వాత అది చెప్పడం మానేసింది. ఏదీ, ఎవరికీ. జడ్జిగారి గదిలోనే మళ్లీ నోరు తెరిచింది" అంది సారికా. "ఇప్పుడింటికి పోయి దానికేమని చెప్పను?"

"నేనొస్తాను తల్లీ. దాని కాళ్లు పట్టుకుని నేనే చెబుతాను, నువ్వే నిజం అని. ఒక్కసారి."

"వద్దు" అంది సారికా. కోపంగా కూడా అనలేదు. "మాల వేసుకున్న ముసలాళ్లు కనబడితే అది మంచం కింద దూరుతుంది."

బండి వచ్చింది. సారికా ఎక్కి కూర్చుని కొంగు సర్దుకుంది. బండి గేటు దాటి మలుపు తిరిగింది. హౌసాబాయి మెట్ల మీద కూర్చుండిపోయింది. సాయంత్రం తాళాలగుత్తితో వచ్చిన బంట్రోతు, "గేటు మూసేస్తున్నాం, ఎవరి కోసం ఆజీ?" అని అడిగాడు. "ఎవరూ లేరు నాయనా" అంది ఆమె, లేవడానికి చెయ్యి నేలకానించి.